ఎండిన ఏటిని నమ్మకండి

దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. అప్పటికే నీళ్లు నిలబెట్టుకున్న పెద్ద ఆనకట్టలన్నిటికీ ఐదేళ్లలోగా అత్యవసర ప్రణాళిక తయారు కావాలని ఆ చట్టంలో ఉంది. కట్ట తెగితే ఏ ఊరికి ఎంతసేపట్లో నీళ్లొస్తాయి, అర్ధరాత్రి ఎవరు ఎవరికి చెప్పాలి, జనం ఏ దారిన ఏ మెరకకు చేరాలి అన్నది తేల్చాల్సింది ఆ ప్రణాళికే. గడువు 2026 డిసెంబరు 30తో తీరిపోతుంది. కర్నూలు, కడప సీమలో తుంగభద్ర, హంద్రీ, కుందూ, పెన్నా, పాపాఘ్ని, చెయ్యేరు ఒడ్డున కాపురాలున్నవాళ్లలో తమ ఊరి పేరున్న అలాంటి కాగితాన్ని చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు అదృష్టవంతులు. మిగతావాళ్ల కోసమే ఈ మాటలు.

ముందు చెయ్యేటి సంగతి చెప్పుకోవాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక తప్ప మరేమీ కాదు. ఎండాకాలంలో చెలమ తీస్తే నాలుగు బిందెల నీళ్లు, గొడ్లకు తోవ, ఊరి నుంచి ఊరికి అడ్డదారి. శివరాత్రికి అత్తిరాల తిరునాళ్ల ఆ ఒడ్డునే. చోళుల నాటి సౌమ్యనాథస్వామి గుడి ఉన్న నందలూరు ఆ ఏటి ఊరే. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఆ చుట్టుపక్కలదే. రాజంపేట ఎగువన కట్టిన ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టుకున్నారు. తాతముత్తాతల నుంచి ఇంటి పెరడులా తిరిగిన చోటు కాబట్టి అక్కడివాళ్లకు దానిమీద భయం పోయింది. ఎండి ఉన్న ఏరు అపకారం చేస్తుందని ఎవరనుకుంటారు?

2021 నవంబరు 18న వాయుగుండం పట్టింది. తిరుపతి వీధులు కాలువలయ్యాయి. ఎగువన సుండుపల్లె వైపు కురిసిన వానంతా పింఛా, బాహుదా ఏర్లలోకి దిగింది. ముందు పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ కిందనున్న అన్నమయ్య ప్రాజెక్టు నెత్తిన పడ్డాయి. దాని గేట్లన్నీ ఎత్తినా వదలగలిగింది రెండు లక్షల చిల్లర క్యూసెక్కులు. వచ్చి పడింది మూడు లక్షలకు పైమాటే. 19 తెల్లవారుజామున మట్టికట్టకు గండి పడింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టుకునే పొద్దున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు వరదలో మునిగాయి. రాజంపేట, నందలూరు మధ్య రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు ప్రయాణికులతో సహా నీళ్లలో చిక్కాయి. రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ముప్పై మందికి పైగా మనుషులు పోయారు. గొడ్లకూ గొర్రెలకూ లెక్కే లేదు. పొలాల్లో మేట వేసిన ఇసుక తీయించుకోలేక, పంట వేసుకోలేక జనం అవస్థలు పడ్డారు. 2021లో తెగిన ఆ కట్ట 2024 నాటికి కూడా తిరిగి లేవలేదు.

ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ ఆ డిసెంబరులో రాజ్యసభలోనే అన్నారు. ఇంత వరద ఎన్నడూ ఎరగమని రాష్ట్ర ప్రభుత్వం అంది. రెండూ నిజమే కావచ్చు. కానీ పులపత్తూరు వాళ్లు అడిగేది వేరు. ఎగువన పింఛా తెగినప్పుడు, ఆ నీళ్లు కిందికి రావడానికి పట్టిన గంటల్లో, ప్రతి గడపా తట్టే మనిషి ఎందుకు లేడు? గేటు మొరాయించడం యంత్రం తప్పు అనుకుందాం. ఊరు నిద్రపోతూ ఉండడం ఏ యంత్రం తప్పు?

ఇలాంటిది చెయ్యేటి మీద ఒక్కచోటే జరిగి ఉంటే విధి అని సరిపెట్టుకోవచ్చు. 2021 ఆగస్టులో కృష్ణ మీద పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. 2022 ఆగస్టులో ఒంగోలు పక్కన గుండ్లకమ్మ గేటు ఒకటి పోయింది, 2023 డిసెంబరులో అక్కడే ఇంకొకటి పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. డ్యాం నిండుగా ఉన్న సమయం. డెబ్బై ఏళ్ల పాత డ్యాం అది. దాని దిగువ కాలువే కర్నూలు పడమటి మండలాలకు ప్రాణం. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ పలకలు దింపించి వారంలో ఆపగలిగారు కాబట్టి సరిపోయింది. ఒక వృద్ధ ఇంజనీరు చేతి చలవ మీద రెండు రాష్ట్రాల సాగు ఆధారపడిందంటే ఆయనకు దండం పెట్టాలి, మన ఏర్పాట్లకు సిగ్గుపడాలి.

గేట్లు ఎందుకు పోతున్నాయో తెలుసుకోవడానికి కమిటీ అక్కర్లేదు. గొలుసులు, తాళ్లు, గేర్లు ఏటా చూడాలి, గ్రీజు పెట్టాలి, రంగు వేయాలి, ఎత్తి దించి చూడాలి. కరెంటు పోయిన రాత్రి జనరేటరు పలుకుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. కరువు సీమలో ఒక గేటు నాలుగేళ్లు కదలకుండా ఉండిపోవడం మామూలు. ఐదో ఏడు వానొచ్చిన రాత్రే దాన్ని మొదటిసారి కదిలిస్తారు. కొత్త ప్రాజెక్టుకు శిలాఫలకం ఉంటుంది, గ్రీజు డబ్బాకు ఉండదు. అందుకే డబ్బంతా శిలాఫలకం ఉన్నచోటికే పోతుంది.

మన పెద్దలకు ఈ సంగతి తెలియదనుకోకండి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు శాసనం అది, ఆ చెరువు పేరు అనంతరాజసాగరం. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. అంతటితో ఆగితే అది రాజుగారి గొప్ప కింద పోయేది. ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ వరుసగా లెక్క చెబుతుంది. దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కిన మాట. అదే జిల్లాలో మన కాలంలో కట్టిన బ్రహ్మంసాగరం ఉంది, పదిహేడు టీఎంసీలది. మట్టికట్టలో ఊట కారణంగా దాన్ని ఏళ్ల తరబడి నిండుగా నింపడానికి వెనకాడాల్సి వచ్చింది. శాసనం ఉన్న ఊరు అక్కడికి ఎంతో దూరం లేదని వేరే చెప్పాలా?

చెరువు కట్టించడంతోనే ఆ కాలంవాళ్లు చేతులు దులుపుకోలేదు. చెరువు తవ్వించి బాగుచేసేవాళ్లకు దశబంధం ఇనాములు ఉండేవి. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఆ ఇనాముల పేరు పాత రెవెన్యూ కాగితాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. తూము తీయడానికీ మూయడానికీ, మరవ పారేటప్పుడు రాత్రిళ్లు కట్ట మీద తిరగడానికీ నీరుగంటి ఉండేవాడు. ఎలుక బొరియ ఎక్కడుంది, తుమ్మ వేరు ఎక్కడ కట్టను చీలుస్తోంది, ఊట తేటగా వస్తోందా మట్టితో వస్తోందా అన్నది వాడికి చీకట్లో కూడా తెలిసేది. ఊటనీళ్లు తేటగా ఉన్నంతసేపు ప్రమాదం దూరమే. బురదగా మారిందంటే కట్ట లోపల మట్టి కదులుతున్నట్టే. ఈ సంగతి ఇంజనీరింగు పుస్తకాల్లోనూ ఉంది, నీరుగంటి బుర్రలోనూ ఉండేది. కట్ట మెత్తబడితే వాడు కేక వేసేవాడు, తలారి డప్పు కొట్టేవాడు, ఊరు మేలుకునేది.

ఆ వ్యవస్థ అంతా బంగారమని నేను అనడం లేదు. నీరుగంటి, తలారి ఏ కులాల నుంచి వచ్చేవాళ్లో, ఊరు వాళ్లను ఎక్కడ నిలబెట్టేదో అందరికీ తెలుసు. గింజలు కొలిచి పెట్టిన ఇంట్లోకి కూడా వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. 1984లో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారంటే అందుకు కారణాలున్నాయి. కానీ పెత్తనం పోవడంతోపాటు కాపలా కూడా పోయింది. పెత్తనం మరో రూపంలో తిరిగొచ్చింది, కాపలా మాత్రం రాలేదు. నీరుగంటి చోటులో నీటిపారుదల శాఖ లస్కరు వచ్చాడు. లస్కర్లు రిటైరైన కొద్దీ ఆ పోస్టులు ఖాళీగానే ఉండిపోతున్నాయి. ఉన్నవాడి చేతిలో ఒక టార్చిలైటు, ఒక సెల్‌ఫోను. సిగ్నలు ఉంటే సరే.

తెల్లవాళ్ల కాలమూ ఈ విషయంలో మెరుగేం కాదు. కేసీ కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లాభం కోసం తవ్వింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి, కుందూ, పెన్నా లోయల మీదుగా కడప దాకా సుమారు మూడు వందల కిలోమీటర్లు. పడవలు కూడా నడపాలని ఆశ. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనుక్కోవాల్సి వచ్చింది. కాలువ మాత్రం మనకు మిగిలింది, అది వేరే సంగతి. ఇప్పటి హెచ్చరికకు అంతకంటే దగ్గరిది 1902 సెప్టెంబరు నాటి రాత్రి. కడప జిల్లా మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయింది. అది తెలియని మద్రాసు, బొంబాయి మెయిలు చీకట్లో వచ్చి అందులో పడింది. 71 మంది చనిపోయారు. పైన వాన, చీకటి, చెప్పే దిక్కు లేకపోవడం. నూట పంతొమ్మిదేళ్ల తర్వాత చెయ్యేట్లోనూ అవే మూడు.

ఇక్కడ ఒక తేడా చూడండి. తమ పట్టాలకు ముప్పు తేగల చెరువుల జాబితా ఒకటి రైల్వేవాళ్ల దగ్గర ఉంటుంది. వానలకు ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేసే పద్ధతి ఉంది. వానాకాలం రాత్రిళ్లు లైను మీద గస్తీ మనుషులు నడుస్తారు. అంటే ఇనుప పట్టాల కోసం ఎగువ చెరువుల లెక్క తీసిన దేశమే ఇది. అదే చెరువు కింద ఉన్న ఎస్సీ కాలనీ కోసం ఆ లెక్క ఎవరి దగ్గరుంది? ఏటి ఒడ్డున పల్లపు నేల ఎవరికి పట్టాలిస్తారో, మెరక ఎవరిదో మళ్లీ చెప్పక్కర్లేదు. వరదకు కులం లేదంటారు. పల్లానికి ఉంది.

కర్నూలు నగరం సంగతి వేరే రకం. తుంగభద్రకు పడమటి కనుమల నీళ్లు వస్తాయి కాబట్టి మామూలుగా రోజుల వ్యవధి ఉంటుంది. చెయ్యేరు, పాపాఘ్ని లాంటివి కార్తీకం తుపాన్లకు పొంగే ఏర్లు, గంటల వ్యవధే ఇస్తాయి. అయినా 2009 అక్టోబరు మొదట్లో కర్నూలుకు ఆ వ్యవధి దొరకలేదు. ఎందుకంటే ఆ వాన పడమటి కనుమల్లో కాదు, బళ్లారి, రాయచూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నెత్తిన పడింది. సుంకేసుల కట్ట తెగింది. మంత్రాలయం మునిగింది. శ్రీశైలం డ్యాం వదిలేలా కట్టింది 19 లక్షల క్యూసెక్కులకు, వచ్చి పడింది 25 లక్షలు. 885 అడుగుల నిండు మట్టం దాటి నీళ్లు 896 అడుగులకు ఎక్కాయి. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కింద నిలిచిపోయిన శ్రీశైలం నీళ్లు, నడుమ కర్నూలు. పాతబస్తీలో జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. ఆ తర్వాత ఏమైంది? నీళ్లు తీశాయి, బురద కడిగారు, హంద్రీ గర్భంలోకి ఇళ్లు మునుపటికంటే ఇంకాస్త జరిగాయి. కడపలో బుగ్గవంకదీ అదే వరస. 2001లో ముంచింది, మళ్లీ 2020 నవంబరులో నివర్ తుపానుకు ముంచింది. రెండు వరదల మధ్య వంక ఒడ్డు ఖాళీగా ఉంచింది లేదు.

కరువు సీమలో వరద గురించి ఇంత గొడవ దేనికని అడిగేవాళ్లుంటారు. నీళ్లు లేకనే కదా మన వాళ్లు బెంగళూరుకూ గల్ఫుకూ పోతున్నది అంటారు. నిజమే. కానీ పరిస్థితి మారిందని గమనించాలి. గండికోటలో ఇప్పుడు 26.85 టీఎంసీలు నిలబెడుతున్నారు. బ్రహ్మంసాగరం నింపుతున్నారు. చెరువులకు కాలువ నీళ్లు వస్తున్నాయి. మన తండ్రుల కాలంలో వానాకాలం ముందు ఈ చెరువులూ రిజర్వాయర్లూ ఖాళీగా ఉండేవి. మొదటి వరదను అవే మింగేవి. ఇప్పుడు ముందే నిండి ఉన్నచోట నవంబరు వాన పడితే వచ్చిందంతా కిందికే వదలాలి. నీళ్ల కోసం పోరాడాం, తెచ్చుకున్నాం. దాని వెంట రావాల్సిన కాపలా అడగడం మరిచిపోయాం.

యంత్రాంగానికి చేతకాదనీ అనలేం. 1981లో శ్రీశైలం నింపడానికి కృష్ణ ఒడ్డున దాదాపు వంద ఊళ్లను ఖాళీ చేయించారు. ఇళ్లు కూల్చి మరీ పంపించారు. 2020లో గండికోట నీళ్లు పెరుగుతుంటే తాళ్లప్రొద్దుటూరు జనాన్ని కదిలించారు. నీళ్లు నింపాల్సిన రోజున ఊరిని లేపడం వచ్చినవాళ్లకు, నీళ్లు మీద పడబోయే రాత్రి లేపడం ఎందుకు రాదు? వస్తుందని 2021 నవంబరులోనే ఒకచోట తేలింది. తిరుపతి పక్కన రాయలచెరువు కట్ట ఊటపడితే కింది ఊళ్లను ముందే ఖాళీ చేయించారు. కట్ట చివరికి నిలబడింది. జనం ఇళ్లకు తిరిగొచ్చారు. అనవసరంగా కదిలించారని ఎవరూ కేసు పెట్టలేదు.

చట్టం మాట మళ్లీ ఒకసారి. అది పదిహేను మీటర్లకు మించిన ఎత్తున్న ఆనకట్టలకూ, పది నుంచి పదిహేను మధ్య ఉన్నవాటిలో కొన్నిటికీ మాత్రమే వర్తిస్తుంది. వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేసి తీరాలని అందులో ఉంది. ఊరి చెరువులు, వంకల మీది చిన్న కుంటలు చాలావరకు దాని కిందికి రావు. గొలుసు చెరువుల్లో మాత్రం మొదట తెగేది చిన్నదే, దాని నీళ్లు కింది చెరువును తెంపుతాయి. పింఛా చిన్నదే కదా. కాబట్టి కలెక్టర్లు పెద్ద డ్యాముల కాగితాలతో సరిపెట్టుకోకుండా, ఒక్కో ఏటి మీద పైనుంచి కిందికి ఉన్న ప్రతి కట్టనూ ఒకే వరుసలో చూడాలి. పై కట్ట దగ్గర ఉన్నవాడు కింది కట్ట దగ్గరున్నవాడికి నేరుగా చెప్పగలగాలి. జిల్లా కార్యాలయం దాకా పోయి తిరిగొచ్చే కబురు నీళ్లకంటే వెనక వస్తుంది. ఫోను టవర్లు పడిపోయినా మోగే సైరన్లు ఏటి ఊళ్లలో ఉండాలి, అవి నెలకోసారి మోగించి చూడాలి. ఖాళీగా ఉన్న లస్కరు పోస్టులు నింపాలి. అవి ఖర్చు కాదు.

ఇసుక గురించి ఒక్క మాటే. గట్టు మొదట్లో, వంతెన కాళ్ల పక్కన ఇసుక తోడితే మామూలు వరద కూడా గట్టును కోస్తుంది. 2021లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. దాని కారణాలు ఇంజనీర్లు తేల్చాలి. కానీ ఏ వంతెన కింద ట్రాక్టర్లు రాత్రిపూట తిరుగుతున్నాయో తేల్చడానికి ఇంజనీరు అక్కర్లేదు, ఊళ్లో అందరికీ తెలుసు.

ఇక ఏటి ఒడ్డు కుటుంబాలు సర్కారు కోసం చూడకుండా చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం కబురు వింటే ఆ రాత్రి గొడ్లను కట్టు విప్పి వదిలేయండి. తాడుతో ఉన్న గొడ్డు ఈదలేదు. ముసలివాళ్లను, బాలింతలను, పసిపిల్లలను చీకటి పడకముందే మెరక ఊళ్లో చుట్టాల ఇంటికి పంపండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధారు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి తలాపున పెట్టుకోండి. మోటారు స్టార్టరు ఆపడానికని రాత్రి ఏటి గట్టున ఉన్న బావి దగ్గరికి పోకండి. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, మోకాలి లోతే కదా అని బండి దించకండి. డ్రైవరు దాటిస్తానన్నా బస్సు దిగిపోండి, ఆలస్యమైందని ఎవరేమన్నా అనుకోనివ్వండి. కట్ట కింద ఊటనీళ్లు బురదగా మారితే అధికారి కోసం ఆగకండి, ముందు ఊరిని లేపండి.

పంచాయతీ సర్పంచులకూ వార్డు సభ్యులకూ చివరగా చెప్పేది ఒకటే. ఈ నెల గ్రామసభలో తీర్మానం చేసి, మీ ఎగువనున్న ప్రాజెక్టు ఇంజనీరుకు రాతపూర్వకంగా పంపండి. గేట్లన్నీ ఎత్తి దించి చూసిన తేదీ అడగండి. మా ఊరి దాకా నీళ్లు రావడానికి ఎన్ని గంటలు పడుతుందో అడగండి. అర్ధరాత్రి ఫోను చేసేది ఎవరు, ఆయన నంబరేమిటి అని అడగండి. జవాబు వచ్చిన కాగితాన్ని సచివాలయం గోడకు అంటించండి. జవాబు రాకపోతే, రాలేదన్న మాటే పెద్ద అక్షరాలతో రాసి అక్కడ అంటించండి.